బుడగకు పావలా

బొమ్మ మస్తాన్‌వలిది, కథ పెంచలయ్యది.
మధ్యలో తెల్లగా ఉబ్బిన బుడగల్లో
అక్షరాలు నావి.
నా పేరు ఎక్కడా పడలేదు, నేను అడిగిందీ లేదు.
బుడగకు పావలా.
'ధభేల్' లాంటి పెద్ద చప్పుడైతే అర్ధరూపాయి.

పెంచలయ్య సైదాపురం అభ్రకం గనిలో గుమాస్తా.
రాత్రిళ్లు పాత మస్టరు కాగితాల వెనక కథ రాసి
గూడూరు బస్సు కండక్టరు చేతికిచ్చేవాడు.
నెల్లూరులో, స్టోన్‌హౌస్‌పేట ప్రెస్సులో, కవరు చింపితే
ఒళ్లో రాలేది తళుకు రజను.
మోచేతికంటుకుని ఇంటికొచ్చి
అన్నంలో కూడా మెరిసేది.
ఆ రజనులోంచే పుట్టాడు తళుకుదొర:
అభ్రకం రేకు ముసుగు, భుజాన గునపం,
నెలకి ఆరు పేజీల ఆయుష్షు.

మస్తాన్‌ది ట్రంకురోడ్డు మీద సినిమా బ్యానర్లు వేసిన చెయ్యి.
ముప్పై అడుగుల మొహాలు వేసినోడికి
మూడంగుళాల గడి ఇస్తే
మొదటి నెల దొర ముక్కు పక్క గడిలోకి పోయింది.
ఒకసారి సిరాలో ఆ రజను కలిపాడు, ముసుగు మెరవాలని.
బ్లాకు చేసే ఆయన మూడు రోజులు తిట్టాడు.

ఇద్దరికీ పడేది కాదు.
"ఏందబ్బయ్యా ఇన్ని మాటలు?
గునపం ఎత్తినోడు పురాణం చెప్పి దించుతాడా?" అని ఇతను.
"మాట లేకుండా కొడితే వాడు దొర కాదు, రౌడీ" అని
కార్డు మీద అతను.
నడుమ నేను,
విశేషణాలు కోసి, సంధులు కలిపి,
దొర గడ్డం కనపడేంత జాగా మిగిల్చేదాన్ని.
ఓరోజు మధ్యాహ్నం, కడుపు కాలుతుంటే,
"ముందు తిందాం పదండి" అని నేనే కలిపేశాను.
ఆ నెల పిల్లల ఉత్తరాలన్నీ దాని గురించే.
పెంచలయ్య ఏమీ అనలేదు.
తర్వాతి కథలో దొర రెండుసార్లు తిన్నాడు.

పదకొండేళ్లు.
మస్తాన్ కళ్లజోడుకి ఓనరు ముందే డబ్బిచ్చి
నాలుగు నెలల పేజీల్లో కోసుకున్నాడు.
తర్వాత ఆ ఓనరు రొయ్యల గుంటలు తవ్వించుకోను పోయాడు.
పెన్నా బ్రిడ్జి కమ్మీ పట్టుకుని
ఒంటిచేత్తో వేలాడే దొర కింద
'సశేషం' అని రాశాను,
ఎప్పట్లాగే శ తోక కాస్త వంచి.
వచ్చే నెల రాలేదు.

మస్తాన్ మేత బస్తాల మీద రొయ్యను గీశాడు.
కోవూరు నుంచి కావలి దాకా ఆ రొయ్యే, సంతకం లేకుండా.
తేరిపార చూస్తే దానివి దొర కళ్లు.
గని మూతపడ్డాక పెంచలయ్య
పెళ్లిపత్రికలకు మ్యాటరు రాశాడు, చివరిదాకా
పొడుగ్గానే.
నేను ఆత్మకూరు బస్టాండు పక్కన బండ్లకి పేర్లు రాస్తా.

మొన్నొక లారీ ఆయన, తల సగం నెరిసింది,
నేను 'శ్రీ' రాస్తుంటే వెనక నిలబడిపోయాడు.
"ఈ శ నాకు తెలుసక్కా" అన్నాడు.
కాసేపాగి, గొంతు తగ్గించి,
"దొర పడిపోయాడా?"

ఆ పేజీ నా ట్రంకుపెట్టెలో ఉంది.
మూత పడ్డ సంగతి తెలియక పెంచలయ్య పంపిన మ్యాటరు ఒకే ఒక్క వాక్యం:
'ఇక్కడ మాటలొద్దు, పేజీ అంతా మస్తాన్‌కి వదలండి.'
మస్తాన్ గడులు కొట్టలేదు.
ఎండాకాలం పెన్న, కనుచూపు మేరా ఇసుక,
నడుమ చీలమండ లోతు నీళ్లు.
ముసుగు తీసి పక్కన పెట్టి
మొహం కడుక్కుంటున్నాడు దొర,
వీపు మనవైపు.
ఒక్క బుడగ లేదు. నాకు పావలా రాని పేజీ.

"పెన్నలో నీళ్లెక్కడివబ్బయ్యా" అన్నా,
కుంచె మళ్లీ రంగులో ముంచుతూ.
ఆయన నవ్వాడో ఏమో, నేను తిరగలేదు.
'శ్రీ'కి పది రూపాయలెక్కువ అడిగా.
ఇచ్చాడు.